కార్డ్‌లెస్ మైకు సెట్టు: అమర్చడం, నడపడం, మొరాయిస్తే దారికి తేవడం

వైరు మైకు మాట్లాడకపోతే వెతకాల్సిన చోట్లు మూడే: మైకు, వైరు, మిక్సర్‌లో (మైకుల సౌండును కలిపి, పెంచి తగ్గించే పెట్టెలో) గుచ్చిన సాకెట్. కార్డ్‌లెస్‌లో వైరు స్థానంలో గాలి ఉంటుంది. ఆ గాలిలోనే టీవీ ప్రసారాలు, వైఫై, వాకీటాకీలు, పక్క హాల్లో వాడుతున్న మైకులు, ఎల్ఈడీ తెర చిమ్మే రేడియో రొద అన్నీ ఉంటాయి. చేతిలో పట్టుకునేది ఓ బుల్లి రేడియో స్టేషన్, అంటే ట్రాన్స్‌మిటర్. మిక్సర్ పక్కన కూర్చునే పెట్టె దాన్ని పట్టే రేడియో, అంటే రిసీవర్. కాబట్టి ముందు రేడియో పని చక్కబెట్టుకోవాలి, సౌండు పని ఆ తర్వాత. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. బేస్, ట్రెబుల్ నాబ్‌లతో గంటసేపు కుస్తీ పడతారు, యాంటెన్నాలు మాత్రం ర్యాక్ వెనకాల ఇనుప రేకుకు ఆనుకుని పడి ఉంటాయి.

## మీ దగ్గరున్నది ఏ రకం

రిసీవర్ అడుగున గానీ వెనక గానీ ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద రాసిన ఫ్రీక్వెన్సీ పరిధి చూడండి. 174 నుంచి 216 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటే వీహెచ్ఎఫ్. 470 పైన మూడంకెల్లో ఉంటే యూహెచ్ఎఫ్. సభల్లో, వేదికల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే అది వైఫై, బ్లూటూత్ నడిచే రోడ్డు మీదే నడిచే బండి. చాలా దేశాల్లో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, కానీ జనం వచ్చి కూర్చున్నాక ఒక్కో జేబులో ఒక్కో పోటీదారు ఉంటాడు. పైగా మనిషి ఒంట్లోని నీరు ఈ తరంగాలను బాగా మింగేస్తుంది. ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా పనిచేసి, హాలు నిండగానే తెగిపోవడం ఈ రకం సెట్లకున్న పాత జబ్బు. ఫోనుకో కెమెరాకో తగిలించే చిన్న క్లిప్ మైకుల్లో ఎక్కువ ఈ కోవలోవే. నాలుగైదు మీటర్ల దూరంలో ఎదురెదురుగా వాడుకోవడానికి అవి చాలు. పెద్ద హాలుకు వాటిని నమ్ముకోకండి.

యూహెచ్ఎఫ్ సెట్టు, ముఖ్యంగా వాడేసినది, చవగ్గా దొరుకుతోందంటే ముందు ఆ పరిధి మీ దేశంలో అనుమతించినదో కాదో చూసుకోండి. టీవీ చానెళ్ల జాగాను మొబైల్ కంపెనీలకు ఇచ్చేయడంతో చాలాచోట్ల ఈ లెక్క మారిపోయింది. అమెరికాలో 2010 నుంచి 700 మెగాహెర్ట్జ్ బ్యాండులోనూ, 2020 జులై నుంచి 600 బ్యాండులో చాలా భాగంలోనూ ఈ మైకులు వాడకూడదు. యూరప్ దేశాల్లో ఎక్కువచోట్ల 863 నుంచి 865 మధ్య లైసెన్సు అక్కర్లేదు. ఒక దేశానికి తయారైన సెట్టు ఇంకో దేశంలో నేరమూ కావచ్చు, నేరం కాకపోయినా మొబైల్ టవరు ముందు నిలవలేక మూగబోనూ వచ్చు.

అనలాగా, డిజిటలా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. సిగ్నల్ తగ్గేకొద్దీ అనలాగ్ ముందు బుసకొట్టి, చిటపటలాడి, ఆ తర్వాత పోతుంది. డిజిటల్ చివరిదాకా శుభ్రంగా ఉండి ఒక్కసారిగా నోరుమూసుకుంటుంది. డిజిటల్‌లో మాట రెండు నుంచి నాలుగు మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, ప్రసంగానికి అది లెక్కలోకి రాదు.

## మొదటి పని: రిసీవర్, యాంటెన్నాలు

రిసీవర్‌ను ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒకే పరీక్ష ఉంది: మాట్లాడే మనిషి నిలబడే చోటు నుంచి యాంటెన్నాలు కళ్లకు కనిపించాలి. మధ్యలో గోడ, ఇనుప అల్మరా, స్పీకర్ బాక్సుల దొంతర, జనం ఏది అడ్డున్నా సిగ్నల్ పడిపోతుంది. కూర్చున్నవాళ్ల తలలకు పైన, అంటే నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో యాంటెన్నాలు ఉంటే సగం తిప్పలు తప్పుతాయి. మిక్సర్ హాలు చివర ఉంటే రిసీవర్‌నూ అక్కడే పెట్టాలని ఏమీ లేదు. దాన్ని వేదిక పక్కనే పెట్టి, అక్కణ్నుంచి మిక్సర్ దాకా మామూలు ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు (మూడు పిన్నుల మైకు వైరు) లాగండి. సౌండు వైరు 30 మీటర్లు పోయినా ఏమీ కాదు, రేడియో సిగ్నల్ అంత దూరం జనం మీదుగా దాటాలంటే కష్టం.

అలాగని మరీ పక్కన పెట్టకూడదు. మైకుకీ రిసీవర్‌కీ మధ్య కనీసం మూడు మీటర్లు వదలండి. అంతకన్నా దగ్గరైతే, అందులోనూ రెండు మూడు మైకులు ఒకేసారి నడుస్తుంటే, రిసీవర్ ముందుభాగం సిగ్నల్ ఎక్కువై ఉక్కిరిబిక్కిరై లేని ఫ్రీక్వెన్సీలను తనే పుట్టిస్తుంది.

రెండు యాంటెన్నాలు ఎందుకో తెలిస్తే వాటిని ఎలా పెట్టాలో చెప్పనక్కర్లేదు. మైకు నుంచి బయల్దేరిన తరంగం నేరుగా ఒకసారి, గోడకు తగిలి ఇంకోసారి, పైకప్పుకు తగిలి మరోసారి యాంటెన్నాను చేరుతుంది. ఇవి ఒకదాన్నొకటి చెరిపేసుకునే చోట్లు హాల్లో అక్కడక్కడా ఉంటాయి. మాట్లాడుతూ ఒక అడుగు పక్కకు వేయగానే గొంతు తెగి, మరో అడుగుకు తిరిగి రావడం ఇందువల్లే. రెండు యాంటెన్నాలూ ఒకేసారి అలాంటి చోట చిక్కడం అరుదు, కాబట్టి రిసీవర్ ఏది బాగుంటే దాన్ని తీసుకుంటుంది. దానికి ఆ అవకాశం ఉండాలంటే రెంటి మధ్య దూరం కనీసం తరంగదైర్ఘ్యంలో పావు వంతు ఉండాలి. 600 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం అర మీటరు, పావు అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు. ర్యాక్ రెండు మూలలకు పెడితే ఇంకా మేలు. రెంటినీ నిలువు నుంచి చెరో పక్కకు 45 డిగ్రీలు వాల్చి, ఆవు కొమ్ముల్లా విప్పి పెట్టండి. మాట్లాడేవాళ్లు మైకును ఏ కోణంలో పట్టుకున్నా ఒక్క కొమ్ముకైనా అందుతుంది. రెండూ సమాంతరంగా నిలబెడితే రెండోది ఉన్నా సగం లేనట్టే.

రిసీవర్‌ను ఇనుప ర్యాక్‌లో బిగిస్తే యాంటెన్నాలు వెనక ఉండకూడదు. ముందుకు తెచ్చుకునే కిట్టు దాదాపు అన్ని సెట్లకూ దొరుకుతుంది. దూరంగా పెట్టాలంటే 50 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుల్ వాడండి, మందం చూసి మరీ తీసుకోండి. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ యూహెచ్ఎఫ్‌లో 30 మీటర్లకు 10 డీబీ (డెసిబెల్, సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) పైగా మింగేస్తుంది, అంటే సిగ్నల్‌లో పదో వంతు కూడా మిగలదు. ఎల్‌ఎంఆర్-400 లాంటి లావు కేబుల్‌లో అదే దూరానికి పోయేది సుమారు 3 డీబీ. సన్న కేబుల్ వేసి, పోయినదాన్ని రాబట్టడానికి బూస్టర్ కొనేవాళ్లను చూస్తే జాలేస్తుంది. బూస్టర్ సిగ్నల్‌తో పాటు చెత్తనూ పెంచుతుంది. అది కేబుల్‌లో పోయినంత పూడ్చడానికే తప్ప, అందని సిగ్నల్‌ను అందుకోవడానికి కాదు.

నాలుగు రిసీవర్లు ఉంటే ఎనిమిది యాంటెన్నాలు పొదలా పెరుగుతాయి, ఒకదానికొకటి అడ్డం. యాంటెన్నా డిస్ట్రిబ్యూటర్ పెట్టి రెంటితోనే నాలుగింటికీ పంచండి. టీ ఆకారపు జాయింటు పెట్టి చీల్చొద్దు, సిగ్నల్ చెడుతుంది. కొన్ని యాంటెన్నా సాకెట్లలో కరెంటు కూడా వస్తుంది కాబట్టి రిసీవర్‌కే దెబ్బ తగలొచ్చు.

ఎల్ఈడీ తెరకు, వైఫై రౌటర్‌కు, లైట్ల డిమ్మర్లకు, కంప్యూటర్లకు యాంటెన్నాలను వీలైనంత దూరంగా ఉంచండి. వీటిలో ఎల్ఈడీ తెర అన్నిటికన్నా పెద్ద శత్రువు. యూహెచ్ఎఫ్‌లో వెడల్పాటి రొద చిమ్ముతుంది. తెర వెనకాల చోటు ఖాళీగా ఉంది కదా అని రిసీవర్లను అక్కడ సర్దేయకండి.

## రెండో పని: ఫ్రీక్వెన్సీ

ఒక్కటే మైకు ఉంటే ఈ భాగం పది నిమిషాల పని. మూడు దాటితే జాగ్రత్తగా చేయాలి.

మొదట మైకులన్నీ ఆఫ్ చేయండి. కార్యక్రమంలో నడిచే మిగతావన్నీ, అంటే తెర, లైట్లు, ప్రొజెక్టర్, వైఫై ఆన్ చేయండి. పొద్దున ప్రశాంతంగా ఉన్నప్పుడు వెతికి పెట్టిన ఫ్రీక్వెన్సీ సాయంత్రం తెర వెలిగాక పనికి రాకపోవచ్చు. ఇప్పుడు ఒక రిసీవర్‌లో గ్రూప్ స్కాన్ నడపండి (గ్రూపు అంటే ఒకదానికొకటి అడ్డు రాకుండా కంపెనీ ముందే ఏర్చిపెట్టిన చానెళ్ల జట్టు). ఏ గ్రూపులో ఎక్కువ చానెళ్లు ఖాళీగా ఉన్నాయో చూపిస్తుంది. దాన్ని ఎంచుకుని మొదటి చానెల్ ఇచ్చి, మైకు ఆన్ చేసి, సింక్ బటన్ (రిసీవర్ ఫ్రీక్వెన్సీని మైకుకూ ఎక్కించేది) నొక్కి, మైకు మీది ఇన్‌ఫ్రారెడ్ కిటికీని రిసీవర్ కిటికీకి ఎదురుగా 15 సెంటీమీటర్ల లోపు పట్టుకోండి. ఎండ నేరుగా పడే చోట సింక్ తడబడుతుంది, చేయి అడ్డం పెట్టుకుంటే సరి. సింక్ చేసేటప్పుడు ఇంకో మైకు కిటికీ తెరిచి ఉంచొద్దు, అది కూడా అదే ఫ్రీక్వెన్సీకి మారిపోతుంది. సింక్ అయిన మైకును ఆన్‌లోనే ఉంచి కాస్త దూరంగా పెట్టి, రెండో రిసీవర్‌ను అదే గ్రూపులో పెట్టి చానెల్ స్కాన్ చేయండి. ఇలా ఒక్కోటి.

అన్నీ ఒకే గ్రూపు నుంచి ఎందుకంటే, రెండు ట్రాన్స్‌మిటర్లు దగ్గర్లో ఉంటే వాటి కలయికతో కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేయండి, అదే లెక్క. 600, 600.5 అనే రెండు మైకులు నడుస్తుంటే 599.5 దగ్గర, 601 దగ్గర రెండు దెయ్యాలు లేస్తాయి. మీ మూడో మైకును 601 మీద పెట్టారంటే గరగర ఖాయం. చక్కగా అర మెగాహెర్ట్జ్ చొప్పున వరసగా పేర్చుకోవడం చూడ్డానికి బాగుంటుంది, ఫలితం మాత్రం ఇదే. ఈ రకం దెయ్యాలు నాలుగు మైకులకు 12, ఎనిమిదికి 56. కంపెనీవాళ్లు ఈ లెక్క ముందే కట్టి గ్రూపులుగా ఇచ్చారు. రెండు వేర్వేరు కంపెనీల సెట్లు కలిపి వాడితే ఆ గ్రూపులకు అర్థం పోతుంది. అప్పుడు షూర్ వాళ్లు ఉచితంగా ఇచ్చే వైర్‌లెస్ వర్క్‌బెంచ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లెక్క వేయించుకోండి.

ఒక రిసీవర్‌కు రెండు మైకులు ఒకే ఫ్రీక్వెన్సీలో పెట్టి వంతులవారీగా వాడదామన్న ఉపాయం చాలామందికి తడుతుంది. రెండూ ఒక్క క్షణం ఒకేసారి ఆన్‌లో ఉన్నా చాలు, స్పీకర్లలో వచ్చే గుర్రుకు ముందు వరస లేచి నిలబడుతుంది.

పవర్ ఎంపిక ఉంటే, పెద్దది మంచిదని 50 మిల్లీవాట్లకు పెట్టేస్తారు. నాలుగైదు మైకులున్న మామూలు హాలుకు 10 మిల్లీవాట్లు చాలు. పవర్ పెంచితే పైన చెప్పిన దెయ్యాలకూ బలం పెరుగుతుంది, సెల్స్ కూడా తొందరగా అయిపోతాయి. డబ్బా మీద వంద మీటర్ల రేంజి అని ఉంటే అది అడ్డమేమీ లేని మైదానం సంగతి.

## సెల్స్

కార్యక్రమం మధ్యలో మైకు ఆగిపోతే ముందు అనుమానించాల్సింది సెల్‌నే. ఆల్కలైన్ సెల్ కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులు, మెల్లగా దిగుతుంది, కాబట్టి మైకు మీది గీతలు కొంత నిజమే చెబుతాయి. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ 1.2 దగ్గర చాలాసేపు నిలిచి, చివర్లో ఒక్కసారిగా జారుతుంది. మెనూలో సెల్ రకం మార్చకపోతే ఛార్జి ఫుల్‌గా ఉన్నా సగమే చూపిస్తుంది, లేదా రెండు గీతలు చూపిస్తూనే ఆరిపోతుంది. లోపల చిన్న సర్క్యూట్ పెట్టి ఎప్పుడూ 1.5 వోల్టులే ఇచ్చే లిథియం రీచార్జబుల్ సెల్స్‌తో ఇంకో పేచీ ఉంది. చివరి నిమిషం దాకా ఫుల్ అని చూపిస్తాయి, పైగా ఆ సర్క్యూట్ రొద కొన్ని మైకుల్లో వినిపిస్తుంది. గడియారాలకు వాడే మామూలు కార్బన్ సెల్స్ ఈ పనికి అస్సలు వద్దు.

ప్రతి కార్యక్రమానికీ కొత్త సెల్స్ వేయండి, పాతవి గడియారాలకు, రిమోట్లకు వాడుకోండి. రోజూ వాడే చోటైతే రీచార్జబుల్ జతలకు నంబర్లు వేసి, జతను విడదీయకుండా తిప్పండి. కొత్తదీ పాతదీ కలిపి వేస్తే బలహీనమైనది ముందు పడిపోయి రెంటినీ ముంచుతుంది.

## మూడో పని: వైర్లు, గెయిన్

రిసీవర్ వెనక సాధారణంగా రెండు అవుట్‌పుట్లు ఉంటాయి. ఎక్స్‌ఎల్‌ఆర్‌ను తీసుకోండి. పావు అంగుళం జాక్ ఎక్కువగా అన్‌బ్యాలెన్స్‌డ్ (బయటి రొదను కొట్టేయలేనిది), మూడు నాలుగు మీటర్లు దాటితే హమ్మింగ్ లాగుతుంది. రెండు మైకులు ఉన్న చవక సెట్లలో ఆ జాక్ రెండు మైకుల కలగలుపు, దాన్ని వాడితే ఒకరి గొంతు పెంచి మరొకరిది తగ్గించే వీలే ఉండదు. ఎక్స్‌ఎల్‌ఆర్ పక్కన మైక్, లైన్ అని స్విచ్ ఉంటే, మిక్సర్‌లో ఎక్కడ గుచ్చుతున్నారో దానికి తగ్గట్టు పెట్టండి. మైక్ కన్నా చాలా బలంగా ఉండే లైన్ స్థాయిని మైక్ ఇన్‌పుట్‌లోకి పంపితే గొంతు చిరిగిపోతుంది, ఆ తప్పు మైకు మీద పడుతుంది. ఆ చానెల్‌కు 48 వోల్టుల ఫాంటమ్ (మిక్సర్ నుంచి మైకుకు వెళ్లే కరెంటు) ఆఫ్ చేయండి, రిసీవర్‌కు దాని అవసరం లేదు.

గెయిన్, అంటే వచ్చిన సౌండును ఎంత పెంచాలో చెప్పే అమరిక, మూడు చోట్ల ఉంటుంది: ట్రాన్స్‌మిటర్‌లో, రిసీవర్ అవుట్‌పుట్‌లో, మిక్సర్‌లో. ఈ వరసలోనే పెట్టాలి. మాట్లాడే మనిషిని, వీలైతే అసలు మనిషినే, మైకులో నిజంగా కార్యక్రమంలో మాట్లాడేంత గట్టిగా మాట్లాడమనండి. 'హలో, వన్ టూ త్రీ' అని గొణిగితే లెక్క తప్పుతుంది. గట్టిగా మాట్లాడినప్పుడు రిసీవర్‌లోని ఆడియో మీటరు పైనుంచి ఒకటి రెండు గీతలు తక్కువ దాకా ఎక్కాలి, పీక్ ఎర్రలైటు వెలగకూడదు. వెలిగితే ట్రాన్స్‌మిటర్ మెనూలో గెయిన్ ఆరు డీబీ తగ్గించండి. కొన్ని సెట్లలో దీన్నే సెన్సిటివిటీ అంటారు. అక్కడ పగిలిన గొంతును మిక్సర్‌లో తగ్గిస్తే చిన్నగా పగిలిన గొంతు వస్తుంది, అంతే. మరీ తక్కువ పెడితే అనలాగ్ సెట్లో బుస పైకి తేలుతుంది, ఎందుకంటే తగ్గినదంతా మిక్సర్‌లో పెంచుకోవాల్సి వస్తుంది. గాయకుడి చేతి మైకుకు గెయిన్ తక్కువ కావాలి, ఛాతీ మీది కాలర్ మైకుకు ఎక్కువ కావాలి. ఒకరికి పెట్టినది ఇంకొకరికి వదిలేయకండి.

తర్వాత రిసీవర్ అవుట్‌పుట్, ఆ తర్వాత మిక్సర్ గెయిన్. మిక్సర్‌లో హై పాస్ ఫిల్టర్ (కింది స్థాయి సౌండును కోసేది) నొక్కండి, చేతి మైకుకు 80 నుంచి 100 హెర్ట్జ్, కాలర్ మైకుకు 120 నుంచి 150 దాకా. చెయ్యి తగిలిన చప్పుడు, గాలి, బట్ట ఒరిపిడిలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది.

## నాలుగో పని: నడిచి చూడటం

ఇది ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఒకరు మైకు పట్టుకుని మాట్లాడుతూ మాట్లాడేవాళ్లు వెళ్లగలిగే ప్రతిచోటుకూ నడవాలి: వేదిక నాలుగు మూలలూ, మెట్లు, ప్రేక్షకుల మధ్య దారి. ఇంకొకరు రిసీవర్ ముందు నిలబడి సిగ్నల్ గీతలు, ఏ, బీ లైట్లు (రెండు యాంటెన్నాల్లో ఏది పనిచేస్తోందో చూపేవి) చూస్తుండాలి. కాలర్ మైకైతే బాడీ ప్యాక్‌ను (మైకు వైరు గుచ్చే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టెను) నడుముకు పెట్టుకుని, రిసీవర్‌కు వీపు తిప్పి, ముఖం తిప్పి, రెండు విధాలా నడవాలి. ఎక్కడైనా గీతలు రెండుకు పడిపోతే ఆ చోటు గుర్తుపెట్టుకుని యాంటెన్నాను అర మీటరు పక్కకు జరిపి మళ్లీ చూడండి. చాలాసార్లు ఆ మాత్రం చాలు. ఖాళీ హాల్లో అంచుమీద ఉన్న సిగ్నల్ జనం వచ్చాక నిలవదు, కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు పుష్కలంగా ఉండాలి.

స్క్వెల్చ్ అనే అమరిక ఉంటే దాన్ని కంపెనీ పెట్టిన చోటే వదిలేయండి. సిగ్నల్ ఇంతకన్నా బలహీనపడితే సౌండు మూసెయ్ అని చెప్పే గేటు అది. పెంచితే రొద తగ్గుతుంది, దాంతోపాటు రేంజీ తగ్గుతుంది.

## ఒంటి మీద, చేతిలో

చేతి మైకు పట్టుకునే తీరే సగం సౌండు. జాలీ చుట్టూ పిడికిలి బిగిస్తే మైకు వెనక రంధ్రాలు మూసుకుపోతాయి. ముందు నుంచి వచ్చేదాన్నే వినాల్సిన మైకు అన్ని వైపులా వినడం మొదలుపెట్టి కూత (స్పీకర్ సౌండు తిరిగి మైకులో పడి వచ్చే కీచు) వేస్తుంది, గొంతు కూడా ముక్కుతో పలికినట్టు ఉంటుంది. చాలా మోడళ్లలో యాంటెన్నా అడుగు భాగంలో ఉంటుంది, అక్కడ అరచేయి కప్పితే సిగ్నల్ పడిపోతుంది. మధ్యలో పట్టుకుని, నోటికి రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉంచమని చెప్పండి. మరీ ఆనిస్తే బేస్ ఉబ్బుతుంది, బొడ్డు దగ్గర పెట్టుకుని మాట్లాడేవాళ్లను మాత్రం ఏ మిక్సరూ కాపాడలేదు.

కాలర్ మైకు గడ్డం కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ఛాతీ మధ్యలో, చున్నీ, హారం, టై తగలని చోట పెట్టండి. క్లిప్ కింద వైరును చిన్న మెలికలా చుట్టి పట్టిస్తే, వైరు లాగినా చప్పుడు మైకు దాకా రాదు. మిగిలిన వైరును బాడీ ప్యాక్ యాంటెన్నాకు చుట్టకండి. ఆ యాంటెన్నా వేలాడాలి, మడిచి జేబులో కుక్కితే ఒంటికి ఆనుకుని సగం బలం పోతుంది. ప్యాక్‌ను రిసీవర్ ఉన్న వైపు నడుముకు పెడితే మంచిది. హెడ్‌సెట్ మైకు గుండు పెదవుల మూల నుంచి రెండు సెంటీమీటర్లు పక్కకు ఉండాలి. నోటికి ఎదురుగా ఉంటే ప, భ, ఫ అక్షరాలన్నీ తుపాకీలా పేలతాయి.

ఇంకో కంపెనీ కాలర్ మైకును ప్యాక్‌కు తగిలించేటప్పుడు పిన్ను పట్టిందని సంబరపడకండి. ఒకేలా కనిపించే చిన్న పిన్నుల్లోనూ లోపలి కనెక్షన్లు కంపెనీకో రకంగా ఉంటాయి.

## కార్యక్రమం నడుస్తుండగా

ఆన్ చేసే వరస: మిక్సర్‌లో చానెల్ మ్యూట్, రిసీవర్ ఆన్, మైకు ఆన్, చివరగా చానెల్ తెరవడం. ఆపేటప్పుడు ఇదే వెనక నుంచి. ఈ క్రమం తప్పితే స్పీకర్లలో ఠప్పుమనేది అందరికీ వినబడుతుంది.

మాట్లాడేవారి చానెల్ ఒక్కటే తెరిచి ఉంచండి. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత రాకముందు మీకు దొరికే వాల్యూమ్ మూడు డీబీ తగ్గుతుంది. ఒకటే తెరిచినప్పుడు హాయిగా ఉన్న సెట్టు నాలుగు తెరిస్తే ఆరు డీబీ ముందే కీచుమంటుంది. పైగా ఒకరి గొంతు ఇద్దరి కాలర్ మైకుల్లో కొంచెం తేడాతో పడితే డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది.

మైకు మీది మ్యూట్ స్విచ్‌ను మెనూలో లాక్ చేసి, మూయడం తెరవడం మిక్సర్ దగ్గరే చేయండి. వక్త తనకు తెలియకుండా ఆఫ్ చేసుకుని 'మైకు పనిచేయట్లేదు' అనడం సగటున ప్రతి సభలోనూ ఉంటుంది. ఒక్కో మైకుకు ఒక్కో రంగు టేపు చుట్టి, అదే రంగు మిక్సర్ చానెల్ కింద అంటించండి. హడావుడిలో నంబర్ల కన్నా రంగే కంటికి ముందు ఆనుతుంది. వేదిక పక్కన వైరు మైకు ఒకటి, గుచ్చి, పరీక్షించి, మ్యూట్‌లో ఉంచండి.

## మొరాయించినప్పుడు

రిసీవర్ మీద రెండు మీటర్లు ఉంటాయి, ఒకటి రేడియోది, ఒకటి ఆడియోది. చాలా తగువులు వాటి సాక్ష్యంతోనే తేలిపోతాయి.

రేడియో గీతలు లేవంటే మైకు ఆఫ్, సెల్ ఖాళీ, లేదా ఫ్రీక్వెన్సీ కుదరలేదు. గీతలు ఉన్నాయి, ఆడియో కదలట్లేదంటే మైకు మ్యూట్‌లో ఉంది, లేదా బాడీ ప్యాక్ పిన్ను వదులైంది. రెండూ కదులుతున్నా హాల్లో వినబడట్లేదంటే కార్డ్‌లెస్‌ను వదిలేసి మిక్సర్ వైపు, వైరు వైపు వెతకండి. ఇక మీ మైకు ఆఫ్ చేసినా రేడియో గీతలు నిలబడే ఉంటే ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకెవరో ఉన్నారు. పక్క హాలు కీర్తన మీ స్పీకర్లలో వినిపించేది అప్పుడే. చానెల్ మార్చి మళ్లీ సింక్ చేయడం తప్ప వేరే మందు లేదు.

ఉండుండి తెగిపోతుంటే, మైకు ఒక్కచోటే ఉన్నా తెగుతోందా, కదిలితేనే తెగుతోందా చూడండి. కదిలితేనే అయితే యాంటెన్నా తప్పు, కదలకపోయినా తెగితే అడ్డు సిగ్నల్. కాలర్ మైకులో బరబరమంటుంటే పిన్ను దగ్గర వైరును వేళ్లతో మెల్లగా వంచి చూడండి. వైరు లోపల తెగేది ఎక్కువగా అక్కడే, లేదా మైకు గుండు మొదట్లో. స్థిరంగా గుయ్యిమనే హమ్మింగ్ వస్తే రిసీవర్‌నూ మిక్సర్‌నూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి నడిపించండి. కూత వస్తే ముందు మనిషి స్పీకర్ ముందుకు వెళ్లాడేమో చూడండి, ఈక్వలైజర్ ముట్టుకోవడం ఆ తర్వాత.

## అయిపోయాక

మైకులు మీరే స్వయంగా వెళ్లి తీసుకోండి. కాలర్ మైకు పెట్టుకున్నట్టే కారెక్కిన వక్తలు తక్కువేమీ కాదు. చేతి మైకు జాలీని తిప్పి ఊడదీసి, లోపలి స్పాంజి తీసి, రెంటినీ గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరాకే బిగించండి. స్పిరిట్‌ను మైకు మీద నేరుగా చల్లొద్దు, లోపలి పొరకు తగిలితే మైకు పోతుంది. కాలర్ మైకు వైరును అరచేతి వెడల్పు వలయాలుగా వదులుగా చుట్టండి, ప్యాక్ చుట్టూ బిగించి చుట్టారంటే పిన్ను దగ్గర తెగడానికి ముహూర్తం పెట్టినట్టే. సెల్స్ అన్నీ బయటికి తీయండి. మరిచిపోయిన ఆల్కలైన్ సెల్ కొన్ని నెలల్లో కారి, స్ప్రింగులకు పచ్చటి తుప్పు పట్టిస్తుంది. అప్పటికే పట్టి ఉంటే వెనిగర్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి చూడండి. స్ప్రింగు మిగిలి ఉంటే మైకు మళ్లీ పలుకుతుంది.